ఆలోచన దగ్గర ఆగిపోనివ్వకండి: సుస్థిర పరిష్కారాలు రూపొందించే యువతకు తోడ్పడే పద్ధతి

పర్యావరణం గురించి యువతతో ఏదైనా చేయించాలనుకున్నప్పుడు చాలామందికి మొదట తట్టేది పోస్టర్ల పోటీ. అది కాకపోతే "మీ కొత్త ఆలోచన చెప్పండి" అంటూ పెట్టే మరో పోటీ. రంగులు ఆరేలోగా న్యాయనిర్ణేతలు బహుమతులు ప్రకటిస్తారు, ఫొటోలు తీసుకుంటారు, ఆలోచనలు మాత్రం గోడమీదే ఉండిపోతాయి. ఇందులో పిల్లల లోపమేమీ లేదు. ఆలోచన పుట్టిన తర్వాతే అసలు పని మొదలవుతుంది. సమస్యను అనుభవిస్తున్న మనుషుల దగ్గరకు వెళ్లాలి, చేత్తో ఒక నమూనా చేయాలి, అది ఎక్కడ చెడిందో చూసి మళ్లీ చేయాలి. ఆ పనికి కావలసిన సమయాన్ని గాని, చోటును గాని, తోడును గాని మనం వాళ్లకు ఇవ్వడం లేదు.

ఈ మార్గదర్శి ఉపాధ్యాయులకు, అధ్యాపకులకు, క్లబ్బులూ గ్రంథాలయాలూ నడిపేవారికి, ఇంట్లో ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులకు ఉద్దేశించినది. యువ సృజనకారులంటే యంత్రాలు తయారుచేసేవారు మాత్రమే అనుకోకండి. బొమ్మలు వేసేవారు, దుస్తులు కుట్టేవారు, కోడ్ రాసేవారు, నాటకం వేసేవారు, వస్తువు చేతికందితే విప్పి చూడకుండా ఉండలేనివారు, అందరికీ ఇందులో పని ఉంటుంది. సమస్య దగ్గర, ఆ సమస్య ఉన్న మనిషి దగ్గర వాళ్లు మామూలుగా నిలిచేదానికన్నా మరికొంత కాలం నిలిచేలా చూడటమే ఇందులో పెద్దల ప్రధాన బాధ్యత అని నా అభిప్రాయం. కింద చెప్పినవన్నీ ఆ ఒక్క పనికి ఉపకరించే మార్గాలే.

సమస్యను చేతికందేంత చిన్నది చేయడం

"వాతావరణ మార్పుకు పరిష్కారం కనుక్కోండి" అని చెబితే పదహారేళ్ల విద్యార్థి ఒక నినాదమైనా రాస్తాడు, లేదా ఎవరూ కట్టలేని ఒక నగరాన్నైనా గీస్తాడు. అంత పెద్ద ప్రశ్నకు అంతకన్నా మెరుగైన జవాబు పెద్దల దగ్గర కూడా ఉండదు. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు ఎటు చూడాలో తెలుసుకోవడానికి పనికొస్తాయి గాని, వాటిలో ఏ ఒక్కదాన్నీ ఉన్నదున్నట్టుగా ఒక బృందానికి అప్పగించలేం. కాబట్టి మొదటి సమావేశాల్లో పరిష్కారాల ఊసే ఎత్తకుండా, సమస్యను కుదించే పని మీదే వాళ్లను కూర్చోబెట్టండి.

ఆహార వృథానే తీసుకుందాం. 2022లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని, అందులో సుమారు 60 శాతం ఇళ్లలోనే జరిగిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక చెబుతోంది. ఈ అంకె తీవ్రతను తెలియజేస్తుంది, ఏం చేయాలో మాత్రం చెప్పదు. ఏం చేయాలో తెలియాలంటే తమ విద్యాసంస్థ భోజనశాలలో మిగిలే ఆహారాన్ని వారం రోజులపాటు విద్యార్థులే తూకం వేయాలి. వండి వడ్డించకుండా మిగిలింది ఎంత, పళ్లేల్లో వదిలేసింది ఎంత, తరిగేటప్పుడే పోయింది ఎంత అని మూడు డబ్బాల్లో విడివిడిగా వేయించండి. ఏ రోజు ఏ పూట ఎక్కువగా మిగిలిందో రాయించండి. పళ్లేల్లో మిగిలే ఆహారమంతా వడ్డించే గరిటె ఒకే పెద్ద కొలతలో ఉండటం వల్లనే మిగులుతోందని తేలిందనుకోండి, అప్పుడు వాళ్ల ఎదుట ఉన్నది ప్రపంచ ఆహార సంక్షోభం కాదు, ఒక గరిటె. దాన్ని పదిహేనేళ్ల అమ్మాయి మార్చగలదు, మార్చిన తర్వాత మళ్లీ తూచి ఫలితం చూడగలదు.

ఇలా కుదించిన సమస్యను ఒక్క వాక్యంలో రాయించండి. అందులో ఆ ఇబ్బంది ఎవరికి, ఏ సమయంలో, ఏ రూపంలో ఎదురవుతోందో, దానివల్ల ఏది వృథా అవుతోందో స్పష్టంగా ఉండాలి. వాక్యంలో పరిష్కారం దొంగచాటుగా చేరిపోకుండా చూడటం మీ పని. "నీటి వాడకం తెలిపే యాప్ లేకపోవడం" అని రాస్తే అది సమస్య కాదు, ముందే తేల్చుకున్న జవాబుకు తొడిగిన ముసుగు. ఈ తిరగరాత కొందరికి విసుగు పుట్టిస్తుంది, అయినా దీన్ని తొందరగా ముగించకండి.

పేరు పొందిన ఉదాహరణలను నిశితంగా చూస్తే అవి కూడా ఇలా చిన్నగా మొదలైనవేనని తెలుస్తుంది. 2001–02 కరువు రోజుల్లో ఫీజు కట్టలేక బడి మానేసిన విలియం కామ్‌క్వాంబా అనే మలావీ (ఆఫ్రికా) బాలుడు గ్రంథాలయ పుస్తకంలో గాలిమర బొమ్మ చూసి, పాత సైకిలు భాగాలతో, ట్రాక్టరు ఫ్యానుతో, ప్లాస్టిక్ పైపులతో తన ఇంటికి వెలుగు తెచ్చుకున్నాడు. ఆఫ్రికా విద్యుత్ సమస్యను పరిష్కరిస్తానని అతడు మొదలుపెట్టలేదు. తమిళనాడులోని తిరువణ్ణామలైకి చెందిన వినీషా ఉమాశంకర్ తన వీధిలో ఇస్త్రీ చేసే వ్యక్తి కాలిన బొగ్గును పారబోయడం చూసి, సౌరశక్తితో పనిచేసే ఇస్త్రీ బండిని రూపొందించింది. 2021లో పర్యావరణ పరిష్కారాలకు ఇచ్చే ఎర్త్‌షాట్ ప్రైజ్ తుది జాబితాలో నిలిచినప్పుడు ఆమె వయసు 14 ఏళ్లు. ఇద్దరికీ సమస్య రోజూ కళ్లెదుట కనిపించేదే. మీ బృందంలోని వారిని కూడా రోజూ నడిచే దారిలోనే వెతకమనండి.

వినడం నేర్పడం

నమూనాలు చేయడం కన్నా, లెక్కలు వేయడం కన్నా నేర్పడానికి కష్టమైనది ఇదే, ఎక్కువమంది వదిలేసేది కూడా ఇదే. ఇది లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి నేను ప్లేపంప్ కథకు మించిన పాఠాన్ని చూడలేదు. పిల్లలు ఆడుకునే రంగులరాట్నాన్ని భూగర్భజలం తోడే పంపుకు జోడించిన ఈ పరికరం దక్షిణాఫ్రికాలో రూపుదిద్దుకుంది. పిల్లలు తిరుగుతూ ఆడుకుంటుంటే నీళ్లు పైనున్న ట్యాంకులోకి చేరతాయి. విన్నవెంటనే ఎవరికైనా నచ్చే ఆలోచన. దీన్ని ఆఫ్రికాలోని మరిన్ని గ్రామాలకు విస్తరించడానికి అమెరికా ప్రభుత్వం, దాతృత్వ సంస్థలు కలిసి 2006లో 1.64 కోట్ల డాలర్లు ప్రకటించాయి.

తీరా గ్రామాల్లో జరిగింది వేరు. పిల్లలు రోజంతా ఆడరు. వాళ్లు బడిలో ఉన్నప్పుడు, నీళ్లు అవసరమైన తెల్లవారుజామున, ఆ బరువైన చక్రాన్ని మహిళలు తిప్పవలసి వచ్చింది. మామూలు చేతిపంపు కన్నా అది ఎక్కువ శ్రమ, పైగా నలుగురిలో రంగులరాట్నం తిప్పడం పెద్దవారికి చిన్నతనం. పాడైతే బాగుచేసే నైపుణ్యం గాని విడిభాగాలు గాని గ్రామంలో లేవు. ఒక పంపు 2,500 మందికి కనీసావసర నీరు ఇవ్వాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడవలసి ఉంటుందని 2009లో బ్రిటన్‌కు చెందిన గార్డియన్ పత్రిక లెక్కగట్టింది. 2010 నాటికి ఆ భారీ విస్తరణ ఆగిపోయింది.

ఈ కథను విద్యార్థులకు ఒకేసారి చెప్పేయకండి. ముందు ఆలోచనను మాత్రమే వివరించి, అది బాగుందా అని అడగండి. దాదాపు అందరూ బాగుందనే అంటారు. ఆ తర్వాత "ఆ గ్రామానికి వెళ్లే అవకాశం ఉంటే మీరు ఎవరిని, ఏమేం అడుగుతారు?" అని అడిగి, ప్రశ్నలన్నీ బోర్డు మీద రాయండి. నీళ్లు తెచ్చేది ఎవరు, ఏ వేళకు కావాలి, ఇప్పుడున్న పంపుతో ఇబ్బందేమిటి, పాడైతే ఎవరిని పిలుస్తారు అన్న ప్రశ్నలు వాళ్ల నోటి నుంచే వస్తాయి. చివర్లో జరిగింది చెప్పండి. తాము రాసిన ప్రశ్నల్లో ఏ ఒక్కటి ముందుగా అడిగి ఉన్నా ఫలితం మారేదని వాళ్లే గ్రహిస్తారు. ఆ గ్రహింపు మీరు ఇచ్చే ఉపన్యాసం కన్నా లోతుగా నాటుకుంటుంది.

ఇక తమ సొంత సమస్య మీద మనుషులతో మాట్లాడేటప్పుడు పాటించవలసిన పద్ధతులున్నాయి. "ఇలాంటి వస్తువు చేస్తే వాడతారా?" అని అడిగితే ఎదుటివారు మర్యాదకైనా "తప్పకుండా" అంటారు, ఆ జవాబుకు విలువ లేదు. "కిందటిసారి ఈ ఇబ్బంది వచ్చినప్పుడు మీరు ఏం చేశారు?" అని అడిగితే జరిగిన సంగతి బయటికి వస్తుంది. అడిగిన తర్వాత మౌనంగా ఉండటం అలవాటు చేయండి, ఎందుకంటే పిల్లలు ఎదుటివారి మౌనాన్ని భరించలేక తామే జవాబు అందించేస్తారు. మాటలతో పాటు చేతుల్ని గమనించమనండి. చిరిగిన చోట కట్టిన తాడు, విరిగిన పిడికి చుట్టిన గుడ్డ, మూత బదులు పెట్టిన పళ్లెం ఇవన్నీ ఆ మనుషులు అప్పటికే చేసుకున్న పరిష్కారాలు. కొత్త రూపకల్పన వాటి దగ్గర నుంచి మొదలైతే నిలుస్తుంది. ఫొటో తీసేముందు అనుమతి అడగడం, ఎందుకు వచ్చామో నిజం చెప్పడం, చివరికి ఏం తేలిందో తిరిగి వెళ్లి చెప్పడం ఐచ్ఛికం కాదు. రెండోసారి వెళ్లని బృందం మొదటిసారి విన్నదాన్ని కూడా సగమే అర్థం చేసుకుంటుందని గుర్తుంచుకోండి.

వినడం అంటే చెప్పినదల్లా చేయడం కూడా కాదు. బుర్కినా ఫాసోలోని గాండో గ్రామంలో పుట్టిన డియెబెడో ఫ్రాన్సిస్ కెరే బెర్లిన్‌లో వాస్తుశిల్పం చదువుతున్నప్పుడే నిధులు సేకరించి, తన ఊరికి ఒక ప్రాథమిక పాఠశాల రూపొందించాడు. అది 2001లో పూర్తయింది. మట్టితో బడి కడతానంటే ఊరివారు సందేహించారు, ఎందుకంటే వానకు కరిగిపోయే మట్టిగోడలు వాళ్లకు తెలియనివి కావు. ఆ భయాన్ని అతడు అజ్ఞానమని కొట్టిపారేయలేదు. మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపిన ఇటుకలు చేయించాడు, వాన గోడల్ని తాకకుండా బయటికి చొచ్చుకొచ్చే రేకు కప్పు వేశాడు. ఆ కప్పును మట్టి ఇటుకల సీలింగు నుంచి పైకి ఎత్తి నిలపడంతో మధ్యలో గాలి ఆడి, లోపలి వేడి బయటికి పోయింది. కట్టిందంతా ఊరివారే, కాబట్టి బాగుచేయడం కూడా వాళ్లకు వచ్చు. ఆ బడికి 2004లో ఆగా ఖాన్ వాస్తుశిల్ప పురస్కారం, కెరేకు 2022లో వాస్తుశిల్పులకిచ్చే ప్రతిష్ఠాత్మక ప్రిట్జ్‌కర్ బహుమతి దక్కాయి. సందేహాన్ని రూపకల్పనకు ముడిసరుకుగా తీసుకోవడం ఎలాగో యువతకు చూపడానికి ఈ బడి ఫొటోలు ముందు పెట్టుకుని ఒక పూట మాట్లాడవచ్చు.

ముడిపదార్థం నుంచి పారేసేదాకా లెక్క

యువ బృందాల్లో బలంగా ఉండే నమ్మకం ఒకటుంది: మొక్కల నుంచి వచ్చిందైతే మంచిది, ప్లాస్టిక్ అయితే చెడ్డది. ఈ నమ్మకాన్ని ఎగతాళి చేయకుండా లెక్కతో పరీక్షించండి. డెన్మార్క్ పర్యావరణ పరిరక్షణ సంస్థ 2018లో ప్రచురించిన అధ్యయనం సరుకుల సంచులను పోల్చింది. సాధారణ పత్తి సంచి ఒక పలుచని ప్లాస్టిక్ సంచి కన్నా వాతావరణ ప్రభావంలో మెరుగనిపించుకోవాలంటే దాన్ని కనీసం 52 సార్లు వాడాలి; ఓజోన్ పొర మీద ప్రభావంతో సహా అన్ని రకాల ప్రభావాల్లోనూ మెరుగనిపించుకోవాలంటే 7,100 సార్లు వాడాలి. పొలంలో పత్తికి పట్టే నీరు, ఎరువులు, విద్యుత్తు ఆ అంకెలో దాగి ఉన్నాయి. అయితే దారిపొడవునా, సముద్రంలోనూ చేరే ప్లాస్టిక్ చెత్త వల్ల కలిగే హానిని ఆ అధ్యయనం లెక్కలోకి తీసుకోలేదు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కనే పెట్టి విద్యార్థులతో వాదింపజేయండి. ఏ లెక్క ఏ ప్రశ్నకు జవాబిస్తుందో, ఏ ప్రశ్నను వదిలేస్తుందో చూడటం ఈ రంగంలో మొట్టమొదటి అక్షరాస్యత. పత్తి సంచి వద్దని గాని, ప్లాస్టిక్ సంచే మేలని గాని ఇక్కడ తేలదు. కొత్త సంచులు పంచే కార్యక్రమం కన్నా, ఇంట్లో ఉన్న సంచిని బయలుదేరేటప్పుడు మరిచిపోకుండా చేసే ఏర్పాటు మంచి రూపకల్పన కావచ్చునని తేలుతుంది.

జీవప్లాస్టిక్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. మొక్కజొన్న, చెరకు వంటి పంటల నుంచి తయారయ్యే పీఎల్ఏ అనే పదార్థం సుమారు 60 డిగ్రీల వేడిని నిలపగల పారిశ్రామిక కంపోస్టు కేంద్రంలోనే సక్రమంగా కుళ్లుతుంది. సముద్రంలోనో, పెరటి మట్టిలోనో పడితే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. కాబట్టి "కుళ్లిపోతుంది" అని ఎవరు రాసినా, ఎక్కడ, ఎంత వేడిలో, ఎన్ని రోజుల్లో అని అడగండి. సమాధానం లేకపోతే ఆ మాటను ప్రదర్శన పలక మీద నుంచి తీసేయించండి.

ఒక వస్తువు ముడిపదార్థం నుంచి పారేసేదాకా కలిగించే ప్రభావాన్ని లెక్కగట్టే పూర్తిస్థాయి జీవితచక్ర మదింపు నిపుణుల పని, దానికి ఐఎస్ఓ 14040 వంటి అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. విద్యార్థులకు ఒక కాగితం చాలు. ముడిపదార్థం, తయారీ, రవాణా, వాడకం, వాడకం తర్వాత అని గడులు గీసి, తాము రూపొందిస్తున్న వస్తువు గురించి ప్రతి గడిలోనూ తెలిసినది ఒక రంగు సిరాతో, ఊహించినది మరో రంగుతో రాయించండి. రెండో రంగు ఎక్కువగా ఉన్న గడే తర్వాతి వారం వాళ్లు వెళ్లి తెలుసుకోవలసిన చోటు. ఇదివరకే ఉన్న వస్తువుకు కూడా అలాంటి కాగితమే నింపి పక్కన పెట్టడం మరవకండి, పోల్చడానికి ఏదీ లేకపోతే ప్రతి కొత్త వస్తువూ గొప్పగానే కనిపిస్తుంది.

ఈ దశలో ఒక మధ్యాహ్నాన్ని వస్తువులు విప్పడానికి కేటాయించండి. 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయ్యాయని, వాటిలో 22.3 శాతం మాత్రమే పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైందని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెబుతోంది. దానికి ఒక కారణం పాడైన వస్తువును విప్పేటప్పుడు కళ్లకు కడుతుంది. ఒక వస్తువు మామూలు స్క్రూలతో విడిపోతుంది, మరొకదానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి, ఇంకొకదాన్ని జిగురుతో అంటించడం వల్ల పగలగొట్టక తప్పదు. ఏ భాగం ముందుగా అరిగింది, దాన్ని మార్చడానికి ఎన్ని భాగాలు తీయవలసి వచ్చింది అని రాయించండి. 2013లో నెదర్లాండ్స్‌లో మొదలైన ఫెయిర్‌ఫోన్ సంస్థ వాడుకదారు తానే బ్యాటరీ, తెర మార్చుకోగల ఫోన్లు చేస్తోందన్న సంగతి చెబితే, జిగురుకు బదులు స్క్రూ వాడటం రూపకర్త తీసుకున్న నిర్ణయమేనని అర్థమవుతుంది. వీలైతే మరమ్మతులు చేసే ఒక వ్యక్తిని ఆ పూట పిలవండి. ఏ వస్తువు ఎక్కడ చెడుతుందో ఆయనకు తెలిసినంతగా రూపకర్తలకే తెలియదు. భద్రత విషయంలో మాత్రం రాజీ వద్దు. మైక్రోవేవ్ ఓవెన్లు, పాత గాజు గొట్టపు టీవీలు ప్లగ్ తీసిన తర్వాత కూడా ప్రాణాపాయం కలిగించే విద్యుత్తును నిలుపుకుంటాయి, ఉబ్బిన లిథియం బ్యాటరీ గుచ్చుకుంటే మండుతుంది. వీటిని బల్ల మీదకే రానివ్వకండి.

నమూనాలు, పరీక్షలు, పాడైన చోట్లు

మొదటి నమూనా అట్టముక్కలతో, దారంతో, పాత గుడ్డతో ఉండాలి. అందంగా, ఖరీదుగా చేసిన నమూనాను మార్చడానికి మనసు రాదు, చూసేవారికి కూడా విమర్శించడానికి నోరు రాదు. ఒక్క ఆలోచనతో బృందం స్థిరపడకుండా, కనీసం మూడు భిన్నమైన దారులు గీసిన తర్వాతే ఏదో ఒకటి చేయమనండి. సేవకు, నియమానికి కూడా నమూనా ఉంటుంది: వస్తువులు అరువిచ్చే కేంద్రం పెట్టాలనుకుంటే ఒక బల్ల, ఒక పుస్తకం పెట్టుకుని ఒక్క రోజు నడిపి చూడటమే దాని నమూనా. సాఫ్ట్‌వేర్ రాయడానికి తొందరపడే బృందాలకు ఇది తప్పనిసరిగా చెప్పాలి.

పరీక్షకు ముందే "ఏ అంకె వస్తే ఇది పనిచేసినట్టు, ఏ అంకె వస్తే చేయనట్టు" అని రాసి పెట్టించండి. పరీక్ష అయ్యాక రాస్తే ఎవరికైనా తమకు అనుకూలమైన అంకే గుర్తుకొస్తుంది. ససెక్స్ విశ్వవిద్యాలయ విద్యార్థిని లూసీ హ్యూస్ చేపల చర్మం, పొలుసుల వ్యర్థాలను ఎర్ర ఆల్గేతో కలిపి పలుచని పొరలాంటి ప్యాకింగు పదార్థాన్ని తయారుచేసి, 2019లో యువ రూపకర్తలకు ఇచ్చే అంతర్జాతీయ జేమ్స్ డైసన్ అవార్డు గెలుచుకుంది. ఆ పాళ్లు కుదరడానికి ముందు ఆమె వందకు పైగా ప్రయోగాలు చేసింది, అవి కూడా చాలావరకు విద్యార్థి వసతిలోని వంటగది పొయ్యి మీద. గొప్ప ప్రయోగశాల లేకపోయినా ప్రతి ప్రయత్నాన్నీ రాసుకునే అలవాటు ఉంటే ఎంత దూరం వెళ్లవచ్చో ఇది చూపుతుంది.

వైఫల్యాన్ని ఎలా చదవాలో నేర్పడానికి, సముద్రంలోని ప్లాస్టిక్‌ను సేకరించే ఓషన్ క్లీనప్ సంస్థ ఉదాహరణ ఉపయోగపడుతుంది. నెదర్లాండ్స్‌కు చెందిన బోయన్ స్లాట్ 18 ఏళ్ల వయసులో, 2013లో దీన్ని స్థాపించాడు. 2018లో పసిఫిక్ మహాసముద్రంలోకి పంపిన తొలి తేలియాడే వ్యవస్థ ప్లాస్టిక్‌ను పట్టి ఉంచలేకపోయింది, ఏడాది చివర్లో దాని కొసన 18 మీటర్ల భాగం విడిపోయింది కూడా. వ్యవస్థకూ ప్లాస్టిక్‌కూ మధ్య వేగాల తేడా నిలకడగా లేకపోవడమే కారణమని తేలాక, నీటిలో పారాచూట్‌లాంటి లంగరు జోడించి దాని వేగాన్ని తగ్గించారు. 2019 అక్టోబరులో ప్లాస్టిక్ పట్టుబడుతోందని ప్రకటించారు. ఇక్కడ విద్యార్థులు నేర్వవలసింది "పట్టు వదలకూడదు" అన్న నీతిని కాదు, "వేగాల తేడా" అనే నిర్దిష్టమైన కారణం దాకా తవ్విన తీరును. మీ బృందం నమూనా చెడినప్పుడు "పనిచేయలేదు" అన్న వాక్యాన్ని అంగీకరించకండి. ఏ భాగం, ఏ క్షణంలో, ఏం చేసింది అని రాసేదాకా అడుగుతూ ఉండండి.

పక్కన నిలబడే పెద్దల తీరు

విద్యార్థి చేతిలోని పనిముట్టును తీసుకుని "ఇలా కాదు, ఇలా" అని చేసి చూపడం పెద్దలు మానుకోవాలి. వేలు తెగే ప్రమాదం ఉంటే తప్ప చేతులు వెనక్కి పెట్టుకోవడమే మంచిది. పొగడ్త కూడా కొలతగానే ఉండాలి. "అద్భుతం" అన్న మాట సంభాషణను అక్కడితో ముగిస్తుంది, "మూత తిరిగేలా కాకుండా నొక్కేలా ఎందుకు పెట్టావు?" అన్న ప్రశ్న దాన్ని పొడిగిస్తుంది, తన పనిని ఎవరో శ్రద్ధగా చూశారన్న తృప్తిని కూడా ఇస్తుంది. బృందంలో గట్టిగా మాట్లాడేవారి ఆలోచనే గెలుస్తుంటుంది, అందుకే ఆలోచనలు ముందు మౌనంగా కాగితం మీద రాయించి, పేర్లు లేకుండా చదివి, ఆ తర్వాతే చర్చ మొదలుపెట్టండి. అమ్మాయిలు ప్రతిసారీ రాతపనికి, అబ్బాయిలు పనిముట్ల దగ్గరికి చేరిపోతుంటే పనులు వంతులవారీగా మార్చండి.

మరో విషయం బాధ్యతతో చెప్పవలసి ఉంది. 2021లో పది దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల మధ్య వయసున్న 10,000 మందిని అడిగినప్పుడు, వాతావరణ మార్పు గురించి తాము చాలా లేదా విపరీతంగా ఆందోళన చెందుతున్నామని 59 శాతం మంది చెప్పారు. ఆ ఆందోళన ప్రభావం తమ దైనందిన జీవితం మీద పడుతోందని 45 శాతానికి పైగా చెప్పారు. లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి. ఇలాంటి మనసులతో "భవిష్యత్తు మీ చేతుల్లోనే ఉంది" అని వేదికల మీద చెప్పడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. ఆ భారం మోయవలసినవి చట్టాలు చేసే ప్రభుత్వాలు, ఉత్పత్తి చేసే కంపెనీలు, నేటి పెద్దలు. యువత రూపొందించే గరిటె, ఇటుక, సంచి ఆ బాధ్యతను తగ్గించవు. ఈ మాట వాళ్లతో సూటిగా చెప్పండి. వాళ్ల పరిశీలనలో తేలిన విషయం నియమం మారితేనే పరిష్కారమయ్యేదైతే, సంబంధిత అధికారులకు ఆధారాలతో లేఖ రాయడాన్ని కూడా రూపకల్పనలో భాగంగానే గుర్తించండి.

పోటీలు, పేర్లు, అప్పగింత

పోటీలు అసలే వద్దనలేం, గడువు ఉంటేనే కొన్ని పనులు పూర్తవుతాయి. పంపేముందు నియమావళి చదివి, ఆలోచన మీద హక్కు ఎవరికి ఉంటుందో చూడండి. చాలా దేశాల్లో ఒక ఆవిష్కరణను బహిరంగంగా వెల్లడించిన తర్వాత దరఖాస్తు చేస్తే పేటెంటు దక్కకపోవచ్చు, కాబట్టి ప్రదర్శనకు ముందే ఈ నిర్ణయం జరగాలి. అందరికీ ఉచితంగా ఇచ్చేయడం కూడా గౌరవప్రదమైన నిర్ణయమే: డేవ్ హక్కెన్స్ నెదర్లాండ్స్‌లోని ఐంథోవన్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడు 2013లో మొదలుపెట్టిన ప్రెషస్ ప్లాస్టిక్ అనే ప్రాజెక్టు తన రీసైక్లింగ్ యంత్రాల నక్షాలను ఎవరైనా వాడుకునేలా విడుదల చేసింది. గెలవని బృందానికి ఫిలిప్పీన్స్ విద్యార్థి కార్వే ఎహ్రెన్ మైగ్ గురించి చెప్పండి. పంట వ్యర్థాల నుంచి తీసిన పదార్థంతో అతినీలలోహిత కాంతిని విద్యుత్తుగా మార్చే పలకకు అతడు 2020లో జేమ్స్ డైసన్ సుస్థిరత అవార్డు అందుకున్నాడు, 2018లో ఇదే పోటీకి పంపినప్పుడు మాత్రం అతడి పని ముందుకు వెళ్లలేదు. న్యాయనిర్ణయం మీ చేతిలో ఉంటే మెరుపుకు కాకుండా, వాడుకదారులను ఎన్నిసార్లు కలిశారు, మొదటి నమూనాకూ చివరిదానికీ మధ్య ఏం మారింది, ఎందుకు మారింది అన్నవాటికి ఎక్కువ మార్కులు ఇవ్వండి. చేసిన ప్రతి ఒక్కరి పేరూ పలక మీద ఉండాలి, సలహా ఇచ్చిన వాడుకదారుల పేర్లు వారి అనుమతితో ఉండాలి.

విద్యాసంవత్సరం ముగిసేసరికి పని ఎవరి చేతికి వెళ్తుందో ముందుగానే తేల్చుకోండి. తయారైన వస్తువును ఎవరు శుభ్రం చేస్తారు, ఏ భాగం ఎప్పుడు మార్చాలి, ఆ భాగం ఎక్కడ దొరుకుతుంది, ఇక పనికిరానప్పుడు దాన్ని ఎలా విడదీయాలి అన్నవి ఒక పేజీలో రాయించి, వాడేవారికి ఒక ప్రతి, తర్వాతి బృందానికి ఒక ప్రతి ఇప్పించండి. విఫలమైన నమూనాలను పారేయకుండా వాటి మీద తేదీ, కారణం రాసిన చీటీలు కట్టి భద్రపరచండి. ఆరు నెలల తర్వాత అదే భోజనశాలలో, అదే మూడు డబ్బాలతో, అదే తక్కెడ మీద మళ్లీ తూకం వేయడానికి ఇప్పుడే ఒక తేదీ నిర్ణయించి, ఆ తూకం వేసే బాధ్యతను వచ్చే ఏడాది కూడా అక్కడే ఉండే ఇద్దరికి అప్పగించండి.